జిగురు బ్రేకు

ఆ ఇంటికి రావడం ఎంత సులువో, అక్కణ్ణించి కదలడం అంత కష్టం. వచ్చినవాళ్ళు చెప్పులు తొడుక్కున్నాక కూడా గుమ్మంలో చాలాసేపు నిలబడి ఉండేవారు. నిలబెట్టేది ఆ ఇంటి పెద్దావిడ. "ఒక్క నిమిషం ఆగు, నీళ్ళ సీసా ఇస్తాను" అని లోపలికి వెళ్ళేది. సీసా దొరికేది కాదు. సీసా దొరికితే మూత దొరికేది కాదు. ఖర్మకాలి రెండూ దొరికిన రోజున ఆవిడకి ఎడమ మోకాలు పట్టేసేది. వీధిలోవాళ్ళు ఆవిడకి స్టాపమ్మ అని పేరు పెట్టారు. ఆగకుండా పోయే బస్సులుంటాయి గానీ ఆవిడ గుమ్మంలో ఆగకుండా పోయిన మనిషి లేడని వాళ్ళ వేళాకోళం. ఆ పేరు ఆవిడ చెవిన పడింది. కోపం రాలేదు.

"ఆగితే ఏం పోయిందిట? పరుగెత్తినవాళ్ళు ఏం బావుకున్నారు?" అంది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. ఒక పొద్దున ఆవిడ భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ "ఇప్పుడే వస్తా" అని బయటికి వెళ్ళాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఆవిడ తలెత్తి కూడా చూడలేదు. ఆయన మళ్ళీ రాలేదు, ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ "ఇప్పుడే వస్తా" అనరు. అనబోయి నాలుక కరుచుకుంటారు. ఆవిడ మాత్రం బయలుదేరేవాళ్ళ ముఖాన్ని తనివితీరా చూడందే వదలదు. అలా చూడ్డానికి వ్యవధి కావాలి కదా. సీసాలూ మూతలూ మోకాళ్ళూ అన్నీ ఆ వ్యవధి కోసం పుట్టినవే.

బడికి వెళ్ళిన మనిషి కాదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని తనే చదవడం నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇక కాగితమన్నది కనబడితే వదల్లేదు. మందుసీసా చుట్టిన కాగితం, గోడ మీద చిరిగిన పోస్టరు, సబ్బు పెట్టె అడుగున సన్నక్షరాలు, ఏదైనా సరే మొదలుపెడితే చివరిదాకా చదవాల్సిందే. పాత కాగితాల కొట్టు నుంచి అట్టలూడిన పుస్తకాలు తెచ్చుకుని, జిగురు కాచి అంటించి, పైన రాయి పెట్టి నొక్కి, మర్నాడు హాయిగా చదువుకునేది. అచ్చులో ఉన్న మాటని ఆవిడ ఎన్నడూ అనుమానించలేదు. ఊడిపోయిన దేన్ని చూసినా ఆవిడ చెయ్యి ఊరుకోదు.

ఆవిడకి ఉన్నది ఒక కూతురు, ఒక తమ్ముడు. కూతురు ఇన్నాళ్ళూ నాలుగు సందుల అవతలే కాపురం ఉంది. ఇప్పుడు అల్లుడికి కొండల అవతలి ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సామానంతా లారీలో ముందే పోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కారులో వెళ్ళాలి. కూతురు వారం ముందే వచ్చి తల్లిని కూర్చోబెట్టి షరతు పెట్టింది.

"అమ్మా, ఈసారి నువ్వు ఆపకూడదు. నవ్వుతూ పంపాలి. సీసా వద్దు, మోకాలు వద్దు, గుండెదడ అసలే వద్దు."

"పోయినసారి దడ నిజంగానే వచ్చిందే."

"మేం సందు మలుపు తిరగ్గానే తగ్గిపోయిందిట. మావయ్య చెప్పాడు."

"వాడి నోట్లో మన్ను పొయ్య."

"నవ్వులాట కాదమ్మా. ఒట్టు వెయ్యి. నువ్వు గాని ఆపావో, ఇంకెప్పుడూ నీకు చెప్పి బయలుదేరను. నువ్వు లేచి చూసేసరికి తలుపుకి తాళం ఉంటుంది."

ఆ మాట ఆవిడకి సూదిలా దిగింది. కూతురి నెత్తిన చెయ్యి పెట్టి, ఆపనని ఒట్టు వేసింది. చెయ్యి తియ్యడానికి కూడా కాస్త ఆలస్యం చేసింది.

*

ఇక తమ్ముడు. ఒకప్పుడు కారు మెకానిక్కు. నడుం పట్టేశాక బళ్ళ కింద దూరడం మానేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో కారు సామాన్లు పెట్టుకుని ఫోనులో అమ్మడం మొదలుపెట్టాడు. కొట్టుకి బోర్డు లేదు, బల్ల లేదు. ఫోనులో మాత్రం పెద్ద రెక్కల బొమ్మ, నోరు తిరగని పేరు. ఆ పేరు చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు. "చెబితే అందరూ ఊరికే ఇమ్మంటారక్కా" అనేవాడు.

అసలు సంగతి వేరే ఉంది. ఊరి చివర బ్రేకులు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పరీక్షలో తప్పిన వాటి మీద అక్కడివాళ్ళు పచ్చ పెయింటుతో ఒక అడ్డగీత గీసి పక్కన పడేస్తారు. ఆ గీత పడ్డ సరుకు కొలిమికి పోయి కరగాల్సిందే. తమ్ముడు దాన్ని తూకానికి కొనేవాడు. మొదట్లో బుద్ధిగా కొలిమికే వేసేవాడు. ఒకరోజు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్తవి, నిగనిగలాడుతున్నవి. వెంట్రుకవాసి మందం తగ్గితే ఏం కొంప మునుగుతుంది అనుకున్నాడు. మర్నాటికి రెక్కల బొమ్మ ఉన్న కొత్త పెట్టెలు అచ్చయి వచ్చాయి. వాటి మీద 'అసలు సిసలైన సరుకు' అని ఉంది. స్టాపమ్మ ఆ మాట రెండుసార్లు చదివి, మా తమ్ముడు పైకొచ్చాడని మురిసిపోయింది.

"ఒరేయ్, వీటి మీద ఈ పచ్చ మరకలేంట్రా?" అని మొదటిరోజే అడిగింది.

"ఫ్యాక్టరీ మురికి అక్కా. నీ చేత్తో కాస్త తుడిచిపెడితే ముత్యాల్లా ఉంటాయి."

మురికి అన్న మాట వింటే చాలు, ఆవిడ కొంగు దోపుకుంటుంది. కిరసనాయిలు గిన్నె, పాత పళ్ళ బ్రష్షు పట్టుకుని షెడ్డు ముందు పీట వేసుకుంది. గీత ఆనవాలు లేకుండా తోమి, గుడ్డతో ఒత్తి, ఎండలో వరసగా ఆరబెట్టింది. తమ్ముడు అటుగా వెళ్ళినప్పుడల్లా ఆవిడ వైపు చూడకుండా వెళ్ళేవాడు. సిగ్గుపడుతున్నాడేమో, అక్కతో పని చేయించుకుంటున్నానని, అనుకుందావిడ.

పెట్టెలో పెట్టి పంపే వేళకి ఆవిడకి మరో చింత పట్టుకుంది. పార్సిలు కూడా ఇల్లు వదిలి వెళ్ళేదే కదా. ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎవరు విసిరేస్తారో. ఒట్టి అట్టపెట్టెలో పంపడానికి మనసొప్పలేదు. తన పెళ్ళినాటి నీలిపూల దుప్పటి ఒకటి ట్రంకుపెట్టె అడుగున ఉంటే తీసి, చదరంగా ముక్కలు కత్తిరించి, ఒక్కో జతనీ ఒక్కో ముక్కలో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి పంపేది. తమ్ముడు చూసి తల గోక్కున్నాడు గానీ, కొన్నవాళ్ళు ప్యాకింగు బాగుందని రాయడం మొదలెట్టాక నోరు మూసుకున్నాడు.

ఒకరోజు తోముతుండగా ఒకదాని నల్ల పెచ్చు, చక్రాన్ని ఒరుసుకుని ఆపేది, ఇనపరేకు మీద నుంచి ఊడి ఒళ్ళో పడింది. ఆవిడకి అదేమీ వింత అనిపించలేదు. అచ్చం అట్ట ఊడిన పుస్తకంలా ఉంది. పుస్తకాల జిగురు పొయ్యి మీదే ఉంది. రేకుకి రాసి, పట్టు కోసం మధ్యలో ఒక కాగితం పట్టీ పెట్టి, నల్ల పెచ్చు అదిమి, పైన సన్నికల్లు పెట్టింది. మర్నాటికి కదిలించినా కదలనంత గట్టిగా కూచుంది. ఇంత చిన్న పని గురించి తమ్ముడికి చెప్పడం ఎందుకని చెప్పలేదు. ఆ జతని చుట్టింది దుప్పటి అంచు ముక్కలో. ఆ అంచు ఎప్పుడో చిరిగితే తనే ఎర్రదారంతో వంకరటింకరగా కుట్టింది.

తమ్ముడు ఇంకో పని కూడా ఒప్పజెప్పాడు. "అక్కా, నీది చదువుకున్న చెయ్యి. మన సరుకు కింద నాలుగు మంచి ముక్కలు రాద్దూ" అని ఫోను చేతికిచ్చాడు. ఆవిడ ఒక పూటంతా ఆలోచించి ఇలా రాసింది: 'ఈ బ్రేకులు వేసిన బండిలో వెళ్ళినవాళ్ళు క్షేమంగా ఇంటికి తిరిగి రావాలి. గుమ్మంలో ఎదురుచూసే ఒక అమ్మ.' తర్వాత మెచ్చుకోలు నక్షత్రాల చుక్కలు పెట్టమంటే ఐదు పెట్టింది. ఆరోది కూడా నొక్కి చూసింది గానీ ఫోను ఒప్పుకోలేదు.

*

ప్రయాణం రోజు పొద్దున్నే కారు వచ్చి ఇంటిముందు ఆగింది. వెనక సీట్లో దిండ్లు, బకెట్టు, లారీలో పగులుతుందని ఎక్కించని గోడగడియారం. స్టాపమ్మ అప్పటికే మెట్ల మీద నిలబడి నవ్వుతోంది. తెల్లవారుజాము నుంచి అద్దంలో ఆ నవ్వు సాధన చేసింది.

"అమ్మా, పళ్ళు నొప్పా?" అంది కూతురు.

"నవ్వుతున్నానే!"

"ఓహో. సరే, అలాగే ఉండు, ఐదు నిమిషాల్లో వెళ్ళిపోతాం."

అల్లుడు దిగి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బహు జాగ్రత్త మనిషి. నలుగురు మెచ్చుకుని చుక్కలు వెయ్యనిదే దువ్వెన కూడా కొనడు. బానెట్టు మీద అరచేత్తో తట్టి, "కొండదారి కదండీ అత్తయ్యగారూ, భయం లేదు. మా మెకానిక్కు పేరున తెప్పించి, నిన్ననే కొత్త బ్రేకులు వేయించాను" అన్నాడు.

"మంచి పని చేశారు బాబూ."

"ఊరికే కొనలేదండీ. ఫోనులో రెండు రోజులు వెతికాను. చివరికి ఒకచోట ఒక పెద్దావిడ రాసిన మాట చదివి ఆగిపోయాను. 'వెళ్ళినవాళ్ళు క్షేమంగా ఇంటికి తిరిగి రావాలి' అని. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఇంక వేరేది చూడలేదు."

ఆవిడకి ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఇంతలో కూతురు ముందు అద్దం తుడుస్తూ చేతిలో గుడ్డ విదిలించింది. నీలిపూలు. అంచున వంకరటింకర ఎర్రదారం.

"ఈ గుడ్డ ఎక్కడిదే?"

"ఆ బ్రేకుల పెట్టెలో వచ్చిందమ్మా. ఎంత మెత్తగా ఉందో. నీ దుప్పటొకటి ఇలాగే ఉండేది కదూ?"

స్టాపమ్మకి పట్టరాని ఆనందం వచ్చింది. తను చుట్టి పంపిన ముక్క ఊళ్ళు తిరిగి తన కూతురి చేతికే చేరింది! కొట్టు పేరు బయటపెట్టనని తమ్ముడికి మాటిచ్చింది కాబట్టి అక్కడ గట్టిగా అనలేదు. గేటు దగ్గర టీ తాగుతున్న తమ్ముడి దగ్గరికి గబగబా వెళ్ళి చెవిలో ఊదింది.

"ఒరేయ్, అల్లుడుగారు కొన్నది మన సరుకేరా!"

తమ్ముడి గొంతులో టీ అడ్డుపడింది. "ఏ సరుకు?"

"బ్రేకులురా. అదిగో మన దుప్పటి ముక్క. అందులోనూ ఎర్రదారం ముక్క! అది నాకు బాగా గుర్తు. ఒకటి ఊడొస్తే నేను అంటించింది ఆ జతే."

"ఊడొస్తే... ఏం చేశావు?"

"నల్ల పెచ్చు ఊడింది. పుస్తకాల జిగురు పెట్టి అంటించాను. భయపడకు, సన్నికల్లు పెట్టి నొక్కాన్లే. చెక్కు చెదరదు."

తమ్ముడు గ్లాసు గేటు మీద పెట్టబోయి గాలిలో పెట్టాడు. అది కిందపడి దొర్లుకుంటూ పోయింది. అతను అక్క మోచెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, వాళ్ళని ఆపు."

ఆవిడ తన చెవులని తనే నమ్మలేకపోయింది. ఇన్నేళ్ళలో 'వదులు, పోనీ, వెళ్ళనీ' అన్నవాళ్ళే గాని ఆపమని అడిగిన మనిషి లేడు.

"ఏమన్నావు?"

"ఆపక్కా! నీకు చేతనైన విద్యే కదా!"

"ఒట్టు వేశానురా. ఎందుకు ఆపాలి?"

అతను నేల చూపులు చూస్తూ గొణిగాడు. "ఆ పచ్చ గీత మురికి కాదక్కా. పనికిరాదని ఫ్యాక్టరీవాళ్ళు గీసిన గీత."

పీట, పళ్ళ బ్రష్షు, ఎండలో వరసగా ఆరబెట్టిన ముత్యాలు, అన్నీ ఆవిడ కళ్ళముందు తిరిగాయి. మరి పెట్టె మీద అచ్చులో అలా ఉందేమిటి అని అడగబోయి మానేసింది. అచ్చు వేయించినవాడు ఎదురుగానే ఉన్నాడు.

"వెళ్ళి చెప్పు" అంది.

"నేనా? అల్లుడి ముందు తలెత్తుకోగలనా? ముందు ఆపుదాం, ఆపాక ఏదో చెప్పి చక్రాలు నేనే విప్పుతాను."

అంతలోనే అతను చెప్పులు సవరించుకుంటున్నవాడిలా కారు వెనక కూలబడ్డాడు. బుస్సుమని చప్పుడైంది. టైరు మెల్లగా నేలకి దిగింది.

"అయ్యయ్యో, గాలి పోయింది అల్లుడుగారూ! ఇంక ఇవాళ ప్రయాణం కుదరదేమో!"

"మరేం ఫరవాలేదు మావయ్యగారూ" అన్నాడు అల్లుడు, ఈ అవకాశం కోసమే ఎదురుచూస్తున్నట్టు. డిక్కీ తెరిచి చిన్న గాలి మిషను బయటికి తీశాడు. "దీనికి ఐదు చుక్కలున్నాయి." అది బుర్రుబుర్రుమంటూ చిటికెలో టైరు నింపేసింది. ఎవరో పెద్దమనిషి దాని గురించి ఎంత బాగా రాశాడో కూడా అతను చెప్పుకొచ్చాడు.

అలవాటు కొద్దీ స్టాపమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. "ఒక్క నిమిషం ఆగండి, నీళ్ళ సీసా..."

"అమ్మా!"

"కాదే, మోకాలు..."

"అమ్మా, ఒట్టు!"

ఇంక దాచి లాభం లేదనుకుంది. కారు ముందుకొచ్చి నిలబడింది. "ఒసే, ఆ బ్రేకులు మంచివి కావు. పనికిరాని సరుకు. దాని గీత నేనే తుడిచాను. ఒకటి ఊడిపోతే జిగురుతో అంటించింది కూడా నేనే. కొండదారిలో అవి నిలబడవు. ఎక్కకండి, విప్పేద్దాం."

కూతురు తల్లి వంక చూసి ఫక్కున నవ్వింది. "ఇది మాత్రం కొత్తదమ్మా! సీసాలు, మోకాళ్ళు విన్నాం గానీ, బ్రేకులకి జిగురు! ఎన్నాళ్ళు ఆలోచించావేమిటి?" నవ్వు ఆపి చేతిలో గుడ్డ కారులోకి విసిరేసింది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మామూలు అమ్మలా పంపలేవా?"

"ఆ మంచి మాటలు రాసింది కూడా నేనే. 'గుమ్మంలో ఎదురుచూసే ఒక అమ్మ.'"

అల్లుడికి మనసు నొచ్చింది. "అత్తయ్యగారూ, నా ఫోను ఎప్పుడు చూశారు మీరు? ఆ పెద్దావిణ్ణి మాత్రం ఇందులోకి లాగకండి. సరే, మావయ్యగారు మెకానిక్కు కదా. మీరే చెప్పండి, ఏమిటిదంతా?"

అందరూ తమ్ముడి వైపు తిరిగారు. తమ్ముడు ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఒక కాకి తప్ప ఏమీ లేదు. దాన్నే చూస్తూ, "బ్రేకులంటే... అదే... బ్రేకులే కదా మరి" అన్నాడు.

"విన్నావా?" అంది కూతురు. కారెక్కి తలుపు వేసుకుంది. అల్లుడు తాళం తిప్పాడు.

ఆపడానికి తెలిసిన దారులన్నీ అయిపోయాయి. నిజం చెప్పడం కూడా అందులో ఒక దారిగా జమైపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఎవరినీ ఆపలేదనీ, ఆగినవాళ్ళందరూ జాలిపడి ఆగారనీ ఆవిడకి అప్పుడు తెలిసింది. మరి ఇప్పుడేం చెయ్యాలి? ఆలోచించలేదు. వెనక తలుపు తెరుచుకుని దిండ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది. గోడగడియారం ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, ఏంటిది?"

"నేనూ వస్తున్నాను. మీరు వెళ్ళే బండిలోనే. పోనివ్వండి బాబూ."

కూతురు వెనక్కి తిరిగి చూసింది. తల్లి నవ్వుతోంది. పొద్దున సాధన చేసిన నవ్వు కాదు. ఆవిడ కిటికీ అద్దం దించి గేటు వైపు చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ, పొయ్యి మీద పాలున్నాయి, చూసుకో. ఇప్పుడే వస్తా."

ఆ మాట ఆ ఇంటిముందు విని ఎన్నేళ్ళయిందో. తమ్ముడు కాకిని వదిలేశాడు. కారు కదిలింది, కదిలీ కదలకముందే అతను పట్టేసిన నడుమూ అదీ మరిచిపోయి ఒక్క ఉరుకు ఉరికి బానెట్టు మీద బోర్లాపడ్డాడు. అల్లుడు బ్రేకు తొక్కాడు. కారు ఆగింది గానీ, ఆగాల్సిన చోట కాదు. కీచుమంటూ మరో బారెడు దూరం వెళ్ళి ఆగింది. తమ్ముడు బానెట్టు మీదే ఉన్నాడు.

"తాళం తియ్యండి అల్లుడుగారూ! ఆ కొట్టు నాదే! ఆ పెట్టెలు నావే! అక్క చెప్పింది అక్షరాలా నిజం. దిగక్కా, నీకు దండం పెడతా, ముందు నువ్వు దిగు!"

"నువ్వు దిగు ముందు" అంది స్టాపమ్మ. "బాబుకి దారి కనబడటం లేదు నీ అడ్డంతో."

*

చక్రాలు వీధిలోనే విప్పారు. జాకీ పెట్టి, స్పానరు పట్టి, నడుం మీద చెయ్యేసుకుని మూలుగుతూ తమ్ముడే విప్పాడు. ఆవిడ జిగురు పెట్టినదాన్ని ఎవరూ వెతకాల్సిన పనే లేకపోయింది. అల్లుడు బొటనవేలితో అలా తోశాడో లేదో, నల్ల పెచ్చు ఊడి అతని అరచేతిలోకి వచ్చేసింది. మధ్యలో అంచులు మాడిన కాగితం పట్టీ ఉంది. దాని మీద అచ్చక్షరాలు. అల్లుడు వాటిని పైకి చదివాడు: "'...అని చెప్పి ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది.'"

"పాత కథల పుస్తకంలోది" అంది స్టాపమ్మ మెల్లగా. "ఆఖరి పేజీలు లేవు. తర్వాత ఏమైందో నాకూ తెలీదు."

కూతురు ముందు ఆ పెచ్చు వైపు, తర్వాత కొండల వైపు చూసింది. వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. అల్లుడు ఫోను తీసి ఏదో నొక్కబోయాడు.

"ఏం చేస్తున్నారు?" అని అడిగింది కూతురు.

"చుక్కలు తీసేస్తున్నాను" అన్నాడు దిగులుగా. "ఆ పెద్దావిడవి కాదులే. మావయ్యగారివి."

మావయ్యగారు స్పానరు కింద పెట్టి లేచాడు. బజారులో మంచి కొట్టుకి పరుగెత్తి, అసలైన బ్రేకులు తెచ్చి, బిగించి, వీధి చివరిదాకా తనే నడిపి, తొక్కి, మళ్ళీ వెనక్కి తెచ్చాడు. అయినా అల్లుడికి నమ్మకం కుదరలేదు. అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తొక్కి చూశాడు. ఈలోపు ఎండ నడినెత్తి దాటింది.

"ఇంక బయలుదేరండి బాబూ" అంది స్టాపమ్మ. "పొద్దుండగానే కొండ దాటాలి. ఊఁ, ఎక్కవే."

కూతురు ఎక్కలేదు. చెప్పు సవరించుకుంది. జడ ముందుకి వేసుకుని వెనక్కి వేసుకుంది. చివరికి తల్లి వైపు చూడకుండా అడిగింది. "అమ్మా, నీళ్ళ సీసా ఇస్తావా?"

స్టాపమ్మ లోపలికి వెళ్ళింది. ఏం మాయో గానీ, ఆ రోజు సీసా ఎదురుగానే ఉంది. మూత దాని మీదే ఉంది. కాసేపు దాన్ని పట్టుకుని వంటింట్లో నిలబడి, మూత తీసి దాచేద్దామా అని ఆలోచించి, బుద్ధి తెచ్చుకుని బయటికొచ్చింది. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. తిరిగాక మోకాలు నిజంగానే పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

*

ఆ సాయంత్రమే తమ్ముడి కొట్టు ఫోనులోంచి మాయమైంది. మాయం చేస్తే చాలదు అంది అక్క. కొన్నవాళ్ళు ఏ కొండల్లో తిరుగుతున్నారో, వాళ్ళకీ గుమ్మాలు ఉండవా అంది. తమ్ముడి చేత ఒక్కొక్కరికీ ఫోను చేయించింది. అతను నసిగినప్పుడల్లా ఫోను లాక్కుని తనే మాట్లాడింది. "ఆ బ్రేకులు విప్పేసి పంపించెయ్యి నాయనా, మీ డబ్బు మీకు వచ్చేస్తుంది. నేనెవరినా? వాటిని తోమినదాన్ని" అనేది. కొందరు తిట్టారు. ఆ తిట్లన్నీ ఆవిడ తమ్ముడికి పూసగుచ్చినట్టు అప్పజెప్పింది, ఒక్కటి కూడా తగ్గించలేదు.

తర్వాత పార్సిళ్ళు రావడం మొదలైంది. నలిగిన పెట్టెలు, అతుకులేసిన పెట్టెలు. విప్పితే లోపల నీలిపూలు. ఆవిడ ముక్క బయటికి తీసి, దులిపి, మడిచి పక్కన పెట్టేది. ఈ ఇంట్లోంచి వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగి రావడం ఆవిడ ఎన్నడూ చూసి ఉండలేదు. షెడ్డు ముందు మళ్ళీ అదే పీట వేసుకుంది. ఈసారి కిరసనాయిలు లేదు, పచ్చ పెయింటు డబ్బా ఉంది. తను తుడిచిన గీతలన్నీ తనే తిరిగి గీసింది, ముందున్నదానికంటే లావుగా. తమ్ముడు వాటిని గోనెలో వేసి కొలిమికి మోసుకెళ్ళాడు. అక్క గేటు దాకా వెనకే వెళ్ళి, దారి తప్పకుండా కొలిమికే వెళ్తున్నాడో లేదో చూసి వచ్చేది.

వచ్చినంతవరకు ముక్కలు కలిపి కుట్టడానికి కూర్చుంటే దుప్పటి నడుమ చదరంగా ఒక ఖాళీ మిగిలింది. ఎవరో బ్రేకులు పంపారు గానీ గుడ్డ పంపలేదు. ఫోనులో ఒక ముక్క రాశారు: 'గుడ్డ ఇవ్వం. మా పాప దాన్ని బొమ్మకి కప్పింది, తియ్యనివ్వడం లేదు.' స్టాపమ్మ అది మళ్ళీ మళ్ళీ చదువుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పోనీలే అంది. ఆ మాట ఆవిడ నోటి వెంట రావడం విని తమ్ముడు షెడ్డులోంచి తల బయటపెట్టి చూశాడు.

ఇంకా రావాల్సినవి కొన్ని ఉన్నాయి. అందుకే పార్సిళ్ళతని బండి చప్పుడు వినబడగానే ఆవిడ ముందుగదిలో కుర్చీలోంచి లేచి గుమ్మంలోకి వస్తుంది. ఆ రోజు అతను పెట్టె చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని, హెల్మెట్టు తగిలించుకున్నాడు.

"వస్తానమ్మా, ఇంకా బోలెడు ఇళ్ళు తిరగాలి."

ఆవిడ అతని ముఖం వంక చూసింది. ఎండకి వాడిపోయి ఉంది.

"ఒక్క నిమిషం ఆగు నాయనా, నీళ్ళ సీసా ఇస్తాను."

సీసా దొరికింది. మూతే దొరకలేదు.